కటౌట్ పెట్టెలో కాగితం ముక్క

డాక్టరమ్మ కారుకు తాడు కట్టి అన్నదమ్ముల మరమ్మతు షెడ్డుదాకా లాక్కొచ్చారు. బ్యాటరీలో చుక్క కరెంటు లేదు. నిన్న సాయంత్రం కాన్పు చేయడానికి వెళ్తుంటే ముందు దీపాలు మసకబారాయట, తర్వాత ఇంజనే ఆగిపోయిందట. ఆవిడ మందుల పెట్టె పట్టుకుని రెండు మైళ్లు నడిచింది.

"ఇంకో పావుగంట ఆలస్యమైతే ఆ తల్లి దక్కేది కాదయ్యా. మొన్ననే కదా మీ దగ్గర బాగుచేయించాను!" అంది.

తమ్ముడు బానెట్ ఎత్తాడు. డైనమో బెల్టు బిగువుగానే ఉంది. తీగలూ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది కటౌట్ పెట్టె. అందులోని రెండు పాయింట్లు కలిస్తేనే డైనమో కరెంటు బ్యాటరీకి చేరుతుంది. దాని మూత తీశాడు. లోపల ఏముందో అతనికి ముందే తెలుసు.

ఉండనే ఉంది. క్యాలెండర్ నుంచి చింపిన సన్నని కాగితం ముక్క, పాయింట్ల మధ్య.

డైనమో ఎన్ని వోల్టులిస్తోందో విడిగా చూడాలంటే అలా కాగితం దూర్చి కొలవాలి, కొలిచాక తీసెయ్యాలి. ఆ పద్ధతి నేర్పింది అన్నే. ముప్పై ఏళ్లుగా ఊళ్లోని కార్లన్నిటికీ నాడి చూసిన మనిషి. కారు కొనేవాడికి ధైర్యముండాలి, అది ఆగితే ఈ అన్న ఉండాలి అని జనం హాస్యమాడేవారు. ఈ ఏడాదిగా ఆయనకు కాగితం పెట్టడం గుర్తుంటోంది, తీయడం గుర్తుండటం లేదు. రోజూ షెడ్డు మూసేముందు తమ్ముడు దొంగలా కార్ల కటౌట్ పెట్టెలన్నీ తెరిచి చూసుకునేవాడు. మొన్న మాత్రం భార్యకు జ్వరమని మధ్యాహ్నమే ఇంటికి పోయాడు.

"నా పొరపాటేనమ్మా. కాగితం తీయడం మర్చిపోయాను," అన్నాడు తమ్ముడు.

పక్కనే ఉన్న అన్న ఆ కాగితం ముక్క లాక్కుని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "బుద్ధుందిరా నీకు? ఎన్నిసార్లు చెప్పాను? మనుషుల ప్రాణాలతో చెలగాటమా? ఇకమీదట ఆ పెట్టెలమీద చెయ్యి వేశావంటే ఊరుకోను. అన్నీ నేనే చూసుకుంటా!"

తిట్లు తమ్ముడికి కొత్త కాదు, అన్న చేత తిట్లు తినే ఇంతవాడయ్యాడు. కానీ ఈ అబద్ధం అన్న పరువు నిలబెట్టి, రేపు ఎవరి ప్రాణం తీస్తుందో! డాక్టరమ్మ బయటికి వెళ్లేదాకా ఆగాడు.

"అన్నా, మొన్న నేను మధ్యాహ్నమే ఇంటికెళ్లిపోయాను. ఆ కారు నేను ముట్టుకోనేలేదు."

అన్న కోపంగా తమ్ముడివైపు తిరిగాడు. అంతలోనే ఆగి, చేతిలోని కాగితం ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇలా ఎన్నిసార్లయిందిరా?"

"లెక్కపెట్టడం మానేశానన్నా."

అన్న స్టూలుమీద కూలబడి, తను పెంచిన తమ్ముడి ముందు వెక్కివెక్కి ఏడ్చాడు. చాలాసేపటికి ముఖం తుడుచుకున్నాడు.

"ముందు డాక్టరమ్మకు నిజం చెప్పొస్తాను. నేను చేసిన కార్లన్నీ వెనక్కి పిలిపించు. ఒక్కోటీ నువ్వే చూడు. నేను పక్కన నిలబడి మూతలు పట్టుకుంటాను."