పాలు పొంగినప్పటి నవ్వు

తిరుమల నుంచి దిగే బస్సులో మోహనమ్మకు కిటికీ పక్క సీటే దొరికింది. కానీ ఆమె చూపు కొండ వైపు పోలేదు. ముందు సీట్లో కూర్చున్న పిల్లతో జనం ఫోటోలు దిగుతున్నారు. ఆ పిల్ల పేరు రూపశ్రీ అనీ, శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని అనీ, ఫోన్లో రీల్స్ చేస్తుందనీ మోహనమ్మకు తెలుసు. తెలియకేం? ఆ రీల్స్‌లో పెదవులు రూపశ్రీవి, గొంతు మోహనమ్మది.

టీవీలో ఆడవాళ్లకు ఏడుపే తప్ప నవ్వించే వేషాలు లేని రోజుల్లో, చిత్తూరు నుంచి పట్నం పోయి, అమాయకపు కోడలిగా ఇంటింటినీ నవ్వించింది ఆమె. చెవి మీదికి వాలిన ఆ పక్కకొప్పు కనబడితే చాలు, రేణిగుంట స్టేషన్లో కూలీలు మూటలు దించుకుని మరీ నవ్వేవాళ్లు. ఆ కొప్పు ఈ పొద్దున కళ్యాణకట్టలో పోయింది. సీరియల్లో తనకు అత్తగా చేసిన వసంతమ్మకు జబ్బు నయమైతే తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. నయం కాలేదు, వసంతమ్మ నిరుడే కన్నుమూసింది. అయినా ఇచ్చింది. ఇవ్వకపోతే ఆమె ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఎదురుచూస్తున్నట్టుండేది మోహనమ్మకు.

ఇప్పుడు గుండు మీద గంధం పూసుకున్న ముసలావిడను ఎవరు గుర్తుపడతారు?

“మే రూపా, ఆ పాలది చెయ్యి మే,” అంది పక్కనున్న స్నేహితురాలు.

రూపశ్రీ సంచిలోంచి సవరం తీసి, చెవి మీదికి కొప్పు పెట్టుకుంది. ఫోన్లో మోహనమ్మ గొంతు పలికింది.

“పాలు పొంగిపోయినాయత్తా.” కాస్త ఆగి, “నేను సూస్తానే ఉంటిని.”

బస్సంతా నవ్వింది. మోహనమ్మ ఆ కొప్పునే చూసింది. తన జుట్టు కొండ మీద, తన కొప్పు ఆ పిల్ల నెత్తిన. ఈ బస్సు దిగేలోపు ఒక్కరైనా, ఆ గొంతు నీదే గదా అనాలి. అంతకు మించి ఏమీ వద్దు.

“ఈ పిల్ల రెప్ప ముందే కొడతాది, నవ్వు సగం సచ్చిపోతాది,” అని గొణిగి, ఆ పాల మాటలు రెండూ తనే గట్టిగా అనేసింది, ఆగవలసినంత ఆగి.

వెనక సీటు పెద్దాయన మెచ్చుకున్నాడు. “పర్వాలేదవ్వా, ఆ పాప మాదిరే చేస్తా ఉండావు. గొంతు ఇంకొంచెం కుదరల్ల, అంతే.”

మళ్లీ అందరూ నవ్వారు. రూపశ్రీ ఒక్కతే నవ్వలేదు. సవరం తీసి ఒళ్లో పెట్టుకుని, తిరుపతి చేరేదాకా వెనక్కి వెనక్కి చూస్తూనే ఉంది. బస్టాండులో దిగాక మోహనమ్మ పక్కకు వచ్చి నిలబడింది.

“మోహనమ్మ గదా మీరు?”

“కొప్పు లేకపోయినా తెలిసిందా మే?”

“దినామూ ఇనే గొంతు గదమ్మా. నామీద కోపమా?”

“ఉండాది.”

“ఉండనీలేమ్మా. ఎప్పట్నించో ఒకటి అడగాలనుండాది. పాలు పొంగినాయి అన్నాక, నడమ ఎవరో ముక్కుతో సిన్నగా నవ్వినారు. నేను రెప్ప కొట్టేది ఆ నవ్వుకే. ఎవరమ్మా అది?”

ఆ రీల్ మోహనమ్మ ఎన్నిసార్లు చూసిందో, చూసినన్నిసార్లూ తన గొంతునే విన్నది. ఆ రోజు షూటింగ్‌లో కోపం నటించవలసిన వసంతమ్మ ఆపుకోలేక నవ్వేసింది. టేపు వృథా అవుతుందని దాన్నట్లాగే వదిలేశారు. ఆ నవ్వును ఈ పిల్ల ఫ్యాక్టరీకి పోతూ వింటోంది, వస్తూ వింటోంది. ఈ పిల్ల మీద అసూయ మళ్లీ లేచింది, ఈసారి గొంతు కోసం కాదు, ఆ నవ్వు కోసం.

“మా అత్త,” అంది. “వసంతమ్మ. దాన్ని ఇంకోసారి పెట్టు మే. నా మాట వద్దు, నవ్వొకటే.”

“అదొకటే రాదమ్మా. మీ మాట కూడా వస్తాది.”

“రానీలే.”

శ్రీ సిటీ బస్సు హారన్ కొడుతోంది. రూపశ్రీ ఫోన్ ఎత్తి పట్టుకుంది. మోహనమ్మ గంధం ఆరని తలను దానికి ఆనించింది.