కోసిన గుండీలు

"ఇది గుండీలు పోయిన మూడో చొక్కా. ఆఫీసుకి దుప్పటి కప్పుకెళ్ళమంటావా?" భర్త గొంతు అప్పటికే రెండు గదులు దాటింది.

"అమ్మ చేతికి కత్తెర దొరకనివ్వద్దని నెల నుంచీ మొత్తుకుంటున్నా," అందుకుంది ఆడపడుచు. "సోమవారం నుంచి పొద్దంతా వదిన పనిచేసే సెంటర్లోనే ఉంచుదాం అన్నయ్యా. ఊరందరి పెద్దవాళ్ళనీ చూస్తుంది, ఇంట్లో మనిషిని చూడదా?"

మతిమరుపు జబ్బున్న పెద్దల కేంద్రంలో కోడలు ఆక్యుపేషనల్ థెరపిస్టు. వాళ్ళ పనులు వాళ్ళు చేసుకునే శక్తి చేజారకుండా చూడటం ఆమె ఉద్యోగం. పన్నెండేళ్ళలో ఓపిక అడుగంటింది. ఇరవైమందికి ఒకే బల్ల, ఒకే పాట, అవే ప్లాస్టిక్ పూసలు. గుచ్చలేనివాళ్ళకు ఆయాలే గుచ్చిపెట్టేవారు. సాయంత్రం ఆమె కాగితం మీద 'పాల్గొన్నారు' అని రాసేది. అదే జబ్బు మొదలైన అత్తగారినీ ఓ వారం తీసుకెళ్ళింది. ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టి ఇల్లు నడిపిన ఆవిడ పూసలదండను తిప్పి చూసి, "చివర ముడెయ్యలేదేంటమ్మా?" అని పక్కన పెట్టేసింది. ఆ రోజూ కాగితం మీద అదే మాట.

కోడలు చొక్కా తీసుకుని మంచం మీద కూలబడింది. ఏడు గుండీల్లో నాలుగే పోయాయి. బట్టకు గాటు పడలేదు. మిగిలిన మూడూ లాగి చూస్తే గట్టిగా ఉన్నాయి. తక్కిన రెండు చొక్కాలూ అంతే.

"ఇవెందుకు కోశారు అత్తయ్యా?"

"వదులైపోయాయిగా. రేపు ఊడితే మాటొచ్చేది నాకు."

"మరి మళ్ళీ కుట్టలేదే?"

ముసలావిడ తన చేతులకేసి చూసుకుంది. "సూది ఎవరో దాచేశారమ్మా."

దాచింది కోడలే. గుచ్చుకుంటుందని భయపడి దాచింది. మనలో చాలామందిమి ప్రేమతోనే ఈ తప్పు చేస్తాం.

అలమర పైనుంచి సూది దించి, దారం ఎక్కించి ఇచ్చి, పక్కనే కూర్చుంది. మొదటి కుట్టు వంకర పోయింది. రెండోదానికి వేళ్ళకు దారి తెలిసింది. గుండీ కింద దారాన్ని మూడు చుట్లు చుట్టి, ముడివేసి, పంటితో తెంపిందావిడ. తెల్ల చొక్కాకు ఒక నీలం గుండీ పడింది.

"ఇదేసుకుని వెళ్ళాలా?" అన్నాడు భర్త.

"గట్టిగా ఉందిగా," అంది తల్లి.

రాత్రి భోజనాల దగ్గర కోడలు నెమ్మదిగా చెప్పింది. "సోమవారం అత్తయ్య నాతో వస్తారు, సూదీ దారం పట్టుకుని. నేను పక్కనే ఉంటాను. పూసలు తీయించేస్తున్నాను. ఎవరు ఏ పని చేసి బతికారో ఇళ్ళకు ఫోన్ చేసి అడుగుతాను. అన్నీ మరిచిపోయినవాళ్ళకి కాలక్షేపం చాలనుకున్నాం. ఇంకా చేతనయ్యే పని వాళ్ళ చేతికివ్వాలి. నాకూ ఇవాళే తెలిసింది."