ఎల్లన్న గొప్పా, వినాయక్ గొప్పా

సమ్మన్న పోయి పదో రోజు. వర్ధా నది ఒడ్డున పిట్టకు విస్తరి పెట్టి గంట దాటింది. కాకులు మాత్రం అటువైపు చూడటం లేదు.

విస్తరిలో లోపమేమీ లేదు. బతికుండగా సమ్మన్నకు అలాంటి విస్తరి ఎవరూ పెట్టి ఉండరు. మటన్, గారెలు, జొన్నరొట్టె, గ్లాసులో మందు, పక్కన సుపారీ, తంబాకు కలిపి రుద్దిన ఖర్రా పొట్లం. ఆ ఖర్రా కోసమే గంగవ్వ ఏళ్ల తరబడి మొగుడి జేబులు వెతికి, దొరికినదల్లా మోరీలో పారేసేది. ఈ రోజు తానే కొనిపించి పెట్టింది. పోయినవాడికి ఏ కోరికా మిగలకపోతేనే పిట్ట ముడుతుంది. పిట్ట ముట్టకపోతే ఇంటికి పోవడం లేదు, ఇంటికి పోకపోతే భోజనాలు లేవు. అందుకని ఒడ్డున చేరిన చుట్టాలందరూ తుమ్మచెట్టు మీది కాకుల వంక, దేవుడి వంక కూడా ఎన్నడూ చూడనంత భక్తిగా చూస్తున్నారు.

అప్పలనర్సయ్య కూడా చూస్తున్నాడు. అతనిది చుట్టరికం కాదు. ఘుగ్గుస్ గని కాలనీలో సమ్మన్నది ఒక ఇల్లు, అతనిది పక్కిల్లు. ఇద్దరూ ఒకే గనిలో చేసి రిటైరయ్యారు. కాలనీ టీము కాలాసోనా ఫుట్‌బాల్ మండల్ ఆడిన ప్రతి మ్యాచీ ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుని చూశారు. చూసి, ఒక్కదాంట్లోనూ ఏకాభిప్రాయానికి రాలేదు.

మండల్ పుట్టినప్పటి నుంచి అందరికంటే గొప్ప స్ట్రైకర్ ఎవరన్నది వాళ్ల తగాదా. సమ్మన్న ఎల్లన్న అనేవాడు. అప్పలనర్సయ్య వినాయక్ అనేవాడు. వినాయక్ నలుగురిని తప్పించుకుని ముందుకు పోయి, ఎవరెవరు చూస్తున్నారో చూసుకుని మరీ గోల్ కొట్టేవాడు. ఎల్లన్న ఎవరినీ తప్పించుకున్నది లేదు. గోల్ ముందు నిలబడేవాడు, బంతి వచ్చి అతని ఒంట్లో ఎక్కడో ఒకచోట తగిలేది, గోల్ అయ్యేది. ఒకసారి పిరుదుకు తగిలి అయింది. అది తెలివే అని సమ్మన్న, అది పిరుదే అని నర్సయ్య. సమ్మన్న కొడుకు తరుణ్ పెళ్లిలో తలంబ్రాల వేళకు పెళ్లికొడుకు తండ్రి కనిపించక వెతికితే, పందిరి వెనక ఎంగిలి ప్లేట్ల దగ్గర ఇద్దరూ ప్లాస్టిక్ గ్లాసులు పేర్చుకుని, పాత గోల్ ఒకటి ఆఫ్‌సైడా కాదా అని తేల్చుకుంటూ దొరికారు.

ఆ స్ట్రైకర్లకు ఈ గొడవే పట్టదు. ఎల్లన్న కోర్పనా దగ్గర పత్తి పండిస్తున్నాడు. వినాయక్‌కు బల్లార్‌పూర్‌లో రంగుల దుకాణం ఉంది. ఒకసారి సంతలో ఎల్లన్నే ఎదురుపడి, తనకంటే వినాయక్ నయమని చెప్పాడు. సమ్మన్న అతన్ని కసిరాడు. "నీ ఆట గురించి నీకేం తెల్సురా," అన్నాడు.

ఇక ఒడ్డున కొడుకు తరుణ్ విస్తరి ముందు చేతులు జోడించి మూడోసారి నిలబడ్డాడు.

"నాయినా, అవ్వను మంచిగ చూస్కుంట. ఇంటి మీద ఇంకో అంతస్తు ఏస్త."

కాకులు కదల్లేదు. కోడలు రజిని ముందుకొచ్చింది. "మామా, మ్యాచ్ వచ్చేటప్పుడు సీరియల్ పెట్ట," అంది. ఇది కొంచెం పెద్ద మాటే. ఒక కాకి మెడ తిప్పింది, అంతే.

కర్మ చేయించే అనంతరావు మహరాజ్ ఫోన్ చూసుకున్నాడు. "ఇంక ఏమన్న ఇచ్ఛ మిగిలిందా యాది చేస్కోండ్రి. బల్లార్‌పూర్‌ల నాకు ఇంకో కార్యక్రమం ఉన్నది. లేకపోతే దర్భతోని కాకిని చేసి ముట్టిస్త, శాస్త్రం ఒప్పుకుంటది."

"గడ్డి కాకి ముడితే నాకు ఒప్పదు," అంది గంగవ్వ. కళ్లు తుడుచుకుని అప్పలనర్సయ్య వైపు తిరిగింది. "నర్సయ్యా, గాయనకు మిగిలిన కోరిక ఒక్కటే. ఎల్లన్ననే గొప్పోడని నువ్వు ఒప్పుకోవాలె."

ఆకలి మీదున్న జనమంతా ఒక్కసారి అతని వైపు తిరిగారు.

"వదినె, ఇంకేదన్న అడుగు."

"కాకా, ఒక్క మాట," అన్నాడు తరుణ్. "నీ స్కూటర్ ఇయ్యమంటలేం."

స్కూటర్ ఇచ్చేయమన్నా ఇచ్చేవాడే. వినాయక్ పరువు కోసం కూడా కాదు అతని మొండితనం. ఈ పది రోజులూ అతడు లోలోపల వాదిస్తూనే ఉన్నాడు. పళ్లు తోముకుంటూ ఒక పాయింటు, టీ తాగుతూ ఇంకొకటి. సమ్మన్న ఇవ్వాల్సిన జవాబులు కూడా తానే ఇచ్చుకుంటున్నాడు. ఇప్పుడు ఒప్పుకుంటే వాదం అయిపోతుంది. వాదం అయిపోతే సమ్మన్న పూర్తిగా పోతాడు. అతనికి భయంగా ఉంది.

కానీ గంగవ్వ మొహం చూస్తూ కాదనడం అతని వల్ల కాలేదు. విస్తరి ముందుకు వెళ్లి చేతులు జోడించాడు.

"సమ్మన్నా, ఎల్లన్ననే గొప్పోడు. వినాయక్ ఏం గాదు. అయిపాయె. తిను."

ఒక కాకి దిగింది. ఇసుకలో గెంతుకుంటూ విస్తరి దాకా వచ్చింది. అది తల పక్కకు వంచి అప్పలనర్సయ్యను ఎగాదిగా చూసి, రెక్కలు విదిల్చి, నది దాటి యవత్‌మాల్ జిల్లాలోకి వెళ్లిపోయింది. మిగతావి కూడా దాని వెంటే లేచిపోయాయి.

గంగవ్వ ఇసుకలో కూలబడింది. మహరాజ్ సంచిలోంచి దర్భ తీశాడు.

అది చూసేసరికి అప్పలనర్సయ్యకు ఒళ్లు మండిపోయింది. పది రోజుల దుఃఖం ఏడుపుగా రావాల్సింది కోపంగా వచ్చింది.

"ఒప్పుకున్నా గూడ నీకు నచ్చలేదా?" అని విస్తరి మీదికి వంగాడు. "అయితె నిజం జెప్త, ఇను. ఎల్లన్న స్ట్రైకరే గాదు. గోల్ కాడ కట్టేసిన బర్రె. బాల్ వచ్చి తాకితె గోల్ అయింది గని ఆయన ఎన్నడన్న కొట్టిండా? ఎడమ కాలు చెప్పు ఏస్కునేటందుకు తప్ప దేనికన్న పనికొచ్చిందా?"

పిండం ముందు ఇవేం మాటలని చుట్టాలు చెవులు మూసుకున్నారు. తరుణ్ అతని భుజం పట్టుకోబోయాడు. అప్పలనర్సయ్య అలవాటు కొద్దీ ఆగాడు. ఈ మాట దగ్గర ఎప్పుడూ ఆగేవాడు, ఎందుకంటే సరిగ్గా ఇక్కడే సమ్మన్న అందుకునేవాడు.

ఎవరూ అందుకోలేదు. నది చప్పుడు, దూరంగా బొగ్గు లారీల చప్పుడు. సమ్మన్న లేడని అతనికి అప్పుడు తెలిసింది. పాడె మోసినప్పుడు కూడా ఇంతగా తెలియలేదు. పిల్లాడిలా ఏడ్చాడు.

"మరి రాజురా టీము మీద ఫైనల్ల గోల్ ఏ కాలుతోని కొట్టిండు?"

వెనక నుంచి గంగవ్వ. ఇసుకలో కూర్చున్నచోటి నుంచే అడిగింది.

"గది కాలు గాదు వదినె," అన్నాడు అతడు ముక్కు తుడుచుకుంటూ. "మోకాలు."

"మోకాలు ఏ కాలుకున్నది?"

అప్పలనర్సయ్య వెనక్కి తిరిగాడు. ఆ ఎత్తిపొడుపు సమ్మన్నదే, ఆ విరుపు కూడా. ఇన్నేళ్లూ వాకిట్లో వాళ్లు అరుచుకుంటుంటే లోపల రొట్టెలు కొడుతూ ఆమె ఒక్క ముక్క పోనివ్వలేదన్నమాట.

"గా దినం మీ వినాయక్ యాడున్నడు?" అంది ఆమె. "వాన పడుతున్నదని గట్టెక్కి కూసున్నడు. జుట్టు తడుస్తదని."

"అబద్ధం వదినె. జెరమొచ్చింది ఆయనకు."

"జెరం దుకాణంల కొనుక్కొచ్చిండు."

అతడు వచ్చి ఆమె ఎదురుగా ఇసుకలో గొంతుకూర్చున్నాడు. వినాయక్ జ్వరానికి సాక్షులున్నారని ఒకరి తర్వాత ఒకరి పేరు చెప్పసాగాడు. వాళ్లంతా తాగుబోతులని ఆమె ఒక్కొక్కరినీ కొట్టిపారేసింది.

"ముట్టింది, ముట్టింది," అన్నాడు మహరాజ్, చేతిలో సగం మెలిపెట్టిన దర్భతో. నిజమే, ఎక్కణ్నుంచో వచ్చిన బక్క కాకి ఒకటి ఖర్రా పొట్లాన్ని ముక్కుతో పక్కకు నెట్టి, మటన్ ముక్క లాగుతోంది. జనం దానికి దండం పెట్టీ పెట్టకుండానే ట్రాక్టర్ వైపు కదిలారు.

"అవ్వా, లే. పిట్ట ముట్టింది, ఇంటికి పోదాం," అన్నాడు తరుణ్.

గంగవ్వ విస్తరి వైపు చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ ఇటు తిరిగింది.

"మీరు పోండ్రి, అందరికి పెట్టుండ్రి," అంది కొడుకుతో. "ఈయన ఇంక మోకాలు సంగతి జెప్పలే."

"ఎడమదే," అన్నాడు అప్పలనర్సయ్య. "గని వదినె, ఆ గోల్ ఆఫ్‌సైడ్."