చాపిన చెయ్యి

ఆ పరిశోధనశాలలో ఆయన్ని అందరూ కోతులాయన అనేవారు. ఏళ్ల తరబడి కోతుల పంజరాలు కడిగి, వాటికి తిండి పెట్టినవాడికి ఇంకే పేరు మిగులుతుంది లెండి! గేటు బయట అట్టలు పట్టుకుని, "కోతుల్ని వదలండి" అని గొంతు చించుకునే గుంపుకు పెద్ద ఎవరనుకున్నారు? ఆయన సొంత మేనకోడలే. మావయ్య గేటు దాటేంతవరకూ గొంతు కాస్త తగ్గించేది. సాయంత్రం ఆయనింటికే వచ్చి, ఆయన పెట్టిన కాఫీ తాగుతూ ఆయన్నే తిట్టేది. మొండితనమంతా మేనమామ పోలికే.

ఒకప్పుడు సూది వేయాలంటే పంజరం వెనక పలకను ముందుకు లాగి, కోతిని ఊచలకు అదిమిపెట్టేవారు. ఆ అరుపులు ఇంటికొచ్చాక కూడా ఆయన చెవుల్లో గింగురుమనేవి. అందుకే, ముక్కు మీద మచ్చ ఉన్న ఒక ఆడకోతికి ఓపిగ్గా పని నేర్పాడు. దాన్ని ఆయన పెద్దమ్మాయి అని పిలుచుకునేవాడు. ఆయన నాలుకతో టక్కుమనిపిస్తే అది ఊచల్లోంచి చెయ్యి చాపాలి. సూది దిగాక ఆపిల్ ముక్క. ముందే ముక్క లాక్కుంటే వెనక్కి తీసేసుకునేవాడు. ముందు పని, తర్వాత కూలి. అది నేర్చుకున్న రోజు ఆయన పొంగిపోయాడు.

ఒకరోజు పరీక్షలు నడిపే డాక్టరమ్మ చెప్పింది. "మందు పరీక్ష అయిపోవచ్చిందండీ. ఇక మెదళ్లు తీసి చూడాలి. మీ పెద్దమ్మాయిది కూడా."

ఆఖరికి జరిగేది అదేనని ఆయనకు మొదట్నుంచీ తెలుసు.  అయినా ఆ సాయంత్రం మేనకోడలికి చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"కోర్టులో మా కేసుంది కదా మావయ్యా! లోపల ఏం జరుగుతోందో చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. ఒక్క వీడియో తీసిపెట్టు. జనం చూస్తే ఊరుకోరు."

"నా ఉద్యోగం ఊడుతుందే తల్లీ!"

"ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. దాని ప్రాణం దొరుకుతుందా?"

ఆయన ఫోన్‌ను జేబు అంచున నిలబెట్టి తీశాడు. టక్కుమన్న శబ్దం, ఊచల్లోంచి వచ్చిన చెయ్యి, దిగిన సూది, ఆపిల్ ముక్క. ఇంట్లో కూర్చుని చూస్తూ మేనమామా మేనకోడలూ ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. ఇంత నమ్మినదాన్ని చంపుతారా అని ఎవరి గుండెయినా తరుక్కుపోతుందనుకున్నారు. ప్రేమ ఉన్నవాళ్ల కళ్లతోనే లోకమంతా చూస్తుందనుకోవడం, ఆ ఇద్దరి తెలివితక్కువతనం.

మేనకోడలు దాన్ని నెట్‌లో పెట్టింది. లోకం చూసింది. "ఎంత ముద్దుగా ఉందో!" అంది. "మావాడు సూదంటే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తాడు, ఈ కోతే నయం" అని ఒకావిడ నవ్వింది. కోర్టులో పరిశోధనశాల వకీలు అదే వీడియో వేసి చూపించాడు. "హింస ఎక్కడుందండీ? తనంతట తానే చెయ్యి చాపుతోంది కదా!" అన్నాడు. కేసు కొట్టేశారు. వీడియో తీసిందెవరని కూడా ఎవరూ ఆరా తీయలేదు. వాళ్లకది మేలే చేసిందిగా.

ఆ రోజు మేనకోడలు కాఫీ ముట్టలేదు.

"అది అరిచి ఉంటే బతికేది మావయ్యా" అని మాత్రం అంది.



చివరి రోజున డాక్టరమ్మ జాలిపడింది. "మీరు సెలవు పెట్టుకోండి. మేం చూసుకుంటాం."

చూసుకోవడమంటే పలక లాగడమే. అందుకే ఆయన వెళ్లాడు. కానీ ఈసారి టక్కుమనిపించకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. పిలవనే పిలవడు. సూది కంటే ముందే ముక్క ఇచ్చేస్తాడు. ఒక్కసారైనా ఊరికే తిననీ. ఆ మాత్రమైనా చేయకపోతే మనిషి పుట్టుకెందుకు!

ఊచల మధ్య నుంచి ఆపిల్ ముక్క అందించాడు. పెద్దమ్మాయి తీసుకుంది. తినలేదు. ముక్కనోసారి, ఆయన మొహాన్నోసారి చూసింది. ఏదో తప్పు జరిగిందనుకున్నట్టుంది. ముక్కను జాగ్రత్తగా పక్కన పెట్టి, ఎవరూ పిలవకుండానే ఊచల్లోంచి చెయ్యి చాపింది.

"భలే తర్ఫీదు ఇచ్చారండీ" అంటూ డాక్టరమ్మ సూది దించింది.

సూది బయటికి రాగానే పెద్దమ్మాయి కూలి కోసం ముక్క వైపు తిరిగింది. అంతలోనే మత్తు కమ్మేసింది. చెయ్యి ముక్క దాకా వెళ్లలేదు.