ఆరో పాటలో ఎరుపు

నాగవంశీ అంటే నాకు పడదు. అతన్ని నేనెప్పుడూ చూడలేదు, ఒక్క మాటా మాట్లాడలేదు. అయినా పడదు. దివిసీమలో పుట్టినవాడు చేపలో రొయ్యలో చూసుకోకుండా ఎనిమిది పాటలు రాసి, తనే పాడి, 'పోటూ పాటూ' అని పేరు పెట్టి యూట్యూబ్‌లో వదిలాడు. ఆ ఎనిమిది పాటలూ నా భార్య ఫోన్‌లోంచి మా ఇంట్లోకి దిగి, ఇక బయటికి పోవడం మానేశాయి.

మాది పెడన. నా పేరు దుర్గాశ్రీనివాస్. మా నాన్న అప్పగించిన కలంకారీ షెడ్డు నడుపుతున్నాను. నా భార్య సుమతి మా చీరలకి వీడియోలు తీసి ఆన్‌లైన్లో అమ్ముతుంది. ఒకరోజు వెనకాల నాగవంశీ పాట పెట్టుకుని చీర మడతలు విప్పుతూ, ఆ పాటకి తనకు తోచిన అర్థం రెండు మాటలు చెప్పింది. చీర అమ్ముడుపోలేదు. వీడియో మాత్రం ఊళ్లన్నీ తిరిగింది. "అక్కా, రెండో పాట గురించి కూడా చెప్పండి" అని ఒకరు, "మూడోది చెప్పకపోతే మేం నిద్రపోం" అని ఇంకొకరు. అప్పట్నించి మా వెనక గది చీరల గది కాదు, నాగవంశీ గది.

అభిమానులకి ఒక వాట్సాప్ గ్రూపుంది. పురాణం చెప్పే శాస్త్రులు గారు కూడా ఒక్క పద్యానికి అన్ని అర్థాలు తీయరు, వీళ్లు తీస్తారు. ఆరో పాట దగ్గరైతే కొట్టుకున్నంత పని చేశారు. అందులో ఒక చరణం ఉంది:

"పచ్చిగా ఉన్నన్నాళ్లూ పట్టించుకోలేదు
ఉడికేదాకా తెలియలేదు నీ ఎరుపు."

ఆ ఎరుపు ఎవరిది? గుడివాడలో లెక్చరర్ నరసింహారావు గారు అది జనం ఎత్తిన జెండా అని పెద్ద వ్యాసమే రాశారు. బందరు కాలేజీ పిల్లలు, కాదు, చల్లపల్లి బస్టాండులో నాగవంశీని చెంపదెబ్బ కొట్టిన అమ్మాయి కోపం అన్నారు. ఆ అమ్మాయి ఎవరో, దెబ్బ ఏ చెంప మీద పడిందో కూడా వాళ్లే తేల్చేశారు. ఇంకెవరో ఉప్పెన వచ్చిన నాటి ఆకాశం అన్నారు. చివరికి అందరూ కలిసి, సుమతి అక్క ఏం చెబితే అదే అన్నారు.

సుమతి ఆరో పాట వీడియో తీస్తున్నప్పుడు నేను మంచినీళ్ల కోసం లోపలికి వచ్చాను. తలుపు ఓరగా వేసి ఉంది. మాటలు సరిగా వినపడలేదు కానీ గొంతు వినపడింది. ఆ గొంతు నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో నాతో మాట్లాడిన గొంతు అది. నీళ్లు తాగకుండానే షెడ్డుకి వెళ్లిపోయాను. ఒళ్లంతా మండిపోయింది.

ఆమె వీడియో ఒక్కటి కూడా నేను చూడలేదు. చూస్తే ఓడిపోయినట్టే కదా. కానీ కింద జనం రాసే కామెంట్లు మాత్రం దొంగచాటుగా చదివేవాణ్ని. "ఏడిపించారక్కా." "ఇంత ప్రేమ ఎక్కడ దాచుకున్నారండీ?" "ధైర్యంగా ఉండండి, మేమంతా ఉన్నాం." ధైర్యం దేనికి? నాతో కాపురం చెయ్యడానికా? నేను మందు ముట్టను, పేకాట ఎరగను, నెలకోసారి బందరు తీసుకెళ్లి బిర్యానీ తినిపిస్తాను. ఇంతకన్నా మొగుడనేవాడు ఏం చెయ్యాలి?

వీటన్నిటి పైన నాగవంశీ స్వయంగా రాశాడు: "నా పాట నాకే కొత్తగా వినిపించిందండీ. ఆ పాట ఇక మీదే." పక్కన ఎర్ర గుండె బొమ్మ. సుమతి దాన్ని పక్కింటివాళ్లకి చూపించింది, పాలవాడికి చూపించింది, నాకూ చూపించింది. "బాగుంది" అన్నాను. పుండు మీద కారం చల్లినా అంత బాధ ఉండదు.

ఆ రోజే దుప్పటి మీద నెమలి అచ్చు అద్దుతూ ఏదో ఆలోచిస్తున్నాను. మా షెడ్డులో పెద్దవాడు పోతురాజు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అయ్యగారూ, నెమళ్లు తలకిందులుగా నడుస్తున్నాయండీ."

చూస్తే ఒక వరసంతా కాళ్లు పైకి. ఆ దుప్పటి ఇంట్లోనే వాడుకుందామని పక్కన పడేశాను. నాగవంశీని మనసులో ఇంకో నాలుగు తిట్టాను.

అంతలో గ్రూపువాళ్లు సభ పెట్టారు. వచ్చే ఆదివారం బందరులో ఒక ఫంక్షన్ హాలు. నాగవంశీ వచ్చి పాడతాడు, సుమతి ఆరో పాట గురించి మాట్లాడుతుంది. ఆమె రెండు చీరలు మంచం మీద పరిచింది.

"ఏవండీ, ఏది కట్టుకోను?"

"ఏదైతే ఏముంది?"

"మీరూ వస్తారా?"

"షెడ్డెవరు చూస్తారు? మీ తాతా?"

ఆమె చీరలు మడతపెట్టింది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆ పాటకి అసలు అర్థం రాసినవాడికి తెలిసి ఉంటుంది కదా. ముందే వెళ్లి అది కనుక్కుంటే? సుమతి చెప్పిన అర్థం ముక్కలు ముక్కలుగా పగిలిపోతుంది. పాట ఆమెది కాకుండా పోతుంది. ఆ గొంతు కూడా మళ్లీ మామూలైపోతుంది. ఓర్వలేనివాడి బుర్ర ఇలాగే పనిచేస్తుంది కాబోలు, నాకు మాత్రం అప్పుడది గొప్ప తెలివిగానే అనిపించింది.

గురువారం పొద్దున్నే బండి తీశాను. బందరు, చల్లపల్లి, అవనిగడ్డ దాటి నాగాయలంక చేరేసరికి ఎండ ముదిరింది. పాటల నాగవంశీ ఇల్లెక్కడ అంటే అందరూ చూపించారు. పొడుగు జుట్టు, నల్ల కళ్లద్దాలు, అమ్మాయిల్ని పడగొట్టే నవ్వు ఉంటాయనుకున్నాను. లుంగీ కట్టుకుని, అప్పుడే నెత్తి పల్చబడుతున్న బక్క కుర్రాడు అరుగు మీద సొరకాయ తరుగుతున్నాడు. వాళ్లమ్మ సీతారావమ్మ గారు గిన్నెలో రొయ్యలు ఒలుస్తోంది.

"రండి బాబాయ్, కూర్చోండి. ఎండనపడి వచ్చారు," అన్నాడు.

బాబాయ్! నాకింకా నలభై రాలేదు. పెడన నుంచి వచ్చానని, పాటలంటే ఇష్టమని అబద్ధం చెప్పాను. పేరు చెప్పలేదు. మజ్జిగ తాగి, ఇక ఆగలేక అడిగేశాను.

"ఆరో పాటలో ఆ ఎరుపు ఎవరండీ?"

అతను నవ్వుతూ తల దించుకున్నాడు. వాళ్లమ్మ అందుకుంది.

"ఎవరేంటి నాయనా, ఇదిగో ఇయ్యే!" అని గుప్పెడు రొయ్యలు ఎత్తి చూపించింది. "పచ్చి రొయ్య మట్టిరంగులో ఉంటది, పొయ్యెక్కితే గదా ఎర్రబడేది. అన్నం కోసం కూర్చుని, కూర ఇంకా ఉడకలేదంటే కూనిరాగం తీశాడు. అదే పాటయిపోయింది."

నాకు లేచి గంతెయ్యాలనిపించింది. జెండా కాదు, చెంపదెబ్బ కాదు, ప్రేమా కాదు. రొయ్యల కూర! ఇంటికెళ్లి సుమతితో ఈ మాట ఎలా చెప్పాలో, ముందు ఎంత సేపు ఊరించాలో కూడా లెక్క వేసుకున్నాను.

"మా అమ్మ చెప్పింది నిజమే గానీ బాబాయ్, బయట చెప్పకండి," అన్నాడు నాగవంశీ. "సుమతి గారి వీడియో చూశాక రొయ్యల సంగతి చెప్పడానికి నాకే సిగ్గేసింది. మీది పెడనే అన్నారుగా, ఆవిడ తెలుసా మీకు?"

"చూస్తూ ఉంటాను."

"ఆవిడ భర్త గారు... ఎన్నాళ్లయిందండీ పోయి?"

"ఎక్కడికి?" అన్నాను.

అతను కత్తిపీట పక్కకి జరిపాడు. "అదేనండీ, కాలం చేసి. ఆవిడ ఎప్పుడూ ఆ మాట అనలేదనుకోండి. కానీ ఆయన గురించి చెప్పేవన్నీ పెళ్లయిన కొత్తలోవే. ఆ తర్వాత సంగతి ఒక్కటీ ఉండదు. ఏడవకుండా చెప్తారు, అందుకే ఇంకా బాధేస్తుంది. మా గ్రూపులో అందరం అలాగే అర్థం చేసుకున్నాం. అడగాలంటే నోరు రాలేదు."

"పాపం, చిన్న వయసే అయ్యుంటది," అంది సీతారావమ్మ గారు.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నాకు తెలియదండీ అని గొణిగి, భోజనం చేసి వెళ్లమని వాళ్లు ఎంత చెప్పినా వినకుండా బయటపడ్డాను. ధైర్యంగా ఉండండి అని అన్ని వందలమంది ఎందుకు రాశారో అప్పుడు తెలిసింది.

చల్లపల్లిలో టీ కొట్టు దగ్గర బండి ఆపి, మొదటిసారి సుమతి వీడియో పెట్టాను.

"నేను గుడివాడ పిల్లనండీ, అద్దకం పని నాకేం తెలుసు?" అంటోంది సుమతి. "పెళ్లయిన కొత్తలో షెడ్డుకి వెళ్తే మా ఆయన పటిక నీళ్లలో అచ్చు ముంచి తెల్లబట్ట మీద అద్దుతున్నారు. బట్ట మీద ఏమీ కనపడట్లేదు. ఏం అద్దుతున్నారండీ, ఉత్తినేనా అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పటికలో ముంచి, అలాగే బట్ట అంచు మీద అదిమారు. అప్పుడూ ఏమీ కనపడలేదు. ఏదీ అంటే, ఉడకనియ్యి, తెలుస్తుంది అన్నారు. తర్వాత రంగు నీళ్లలో వేసి ఉడకేశారు, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుందట. ఆరేసిన బట్టల మధ్య నా చెయ్యి ఎర్రగా ఊగుతోందండీ. మా మావయ్య గారు బట్ట పాడైంది, ఆ ముక్క కోసేయమన్నారు. మా ఆయన వాళ్ల నాన్నకి ఎదురు చెప్పడం నేను చూసింది అదొక్కసారే. అది అమ్మే బట్ట కాదు నాన్నా అన్నారు. నాగవంశీ గారి ఎరుపు ఏదో నాకు తెలియదు. నాకు తెలిసిన ఎరుపు అది."

టీ చల్లారిపోయింది. ఆ బట్ట ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఆ సంగతే నాకు గుర్తులేదు. గ్లాసు అక్కడే పెట్టేసి లేచాను. నాగవంశీ మీద ఇన్నాళ్లూ కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను, ఆ బక్క కుర్రాడు నాకు అడ్డమే కాదు. అడ్డం వీడు. పెళ్లాం చెయ్యి పట్టుకుని పటికలో ముంచినవాడు, నాన్నకి ఎదురు చెప్పినవాడు. రొయ్యల కూర సంగతి చెబితే నాగవంశీ ఓడిపోతాడేమో. వీడు ఓడిపోడు. వీడి మీద నాకు పుట్టిన కుళ్లు ముందు అంతకుముందుదంతా ఒక కుళ్లే కాదు.

ఇంటికి వచ్చేసరికి సుమతి పార్శిళ్లు కడుతోంది. చెప్పులు కూడా విప్పకుండా అనేశాను.

"మీ గ్రూపువాళ్లంతా నేను చచ్చిపోయాననుకుంటున్నారంట."

ఆమె టేపు కత్తిరించడం ఆపింది. తల ఎత్తలేదు.

"తెలుసండీ."

"తెలిసీ ఊరుకున్నావా?"

"మొదట్లో నవ్వొచ్చింది. చెప్పేద్దామనే అనుకున్నాను." పార్శిల్ అంచు వేలితో నొక్కింది. "ఉన్నారు అని చెప్తే, అయితే ఇప్పుడెలా ఉంటారు ఆయన అని అడుగుతారు కదా. ఏం చెప్పాలో తోచలేదు."

కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే నేనూ ఏదో ఒకటి అరిచేవాణ్ని. రొయ్యల మాట నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. "అన్నం పెట్టనా?" అని అడిగింది. పెట్టమన్నాను.

ఆదివారం ఆమె ముందు వెళ్లింది. షెడ్డు పోతురాజుకి అప్పగించి, తర్వాత నేనూ వెళ్లాను. హాలు నిండిపోయింది. వెనక వరసలో కూర్చున్నాను. నాగవంశీ ఆరో పాట పాడి, "దీనికి అర్థం చెప్పాల్సింది నేను కాదండీ" అని మైకు సుమతికి ఇచ్చాడు. ఆమె పటిక సంగతి మొదలుపెట్టింది. జనం ఊపిరి బిగబట్టి విన్నారు. ఎర్రగా ఊగుతున్న చెయ్యి దాకా వచ్చినప్పుడు ఆమె నన్ను చూసింది. మాట ఆగిపోయింది. దుఃఖం పొంగుకొచ్చిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆమె నా మీంచి చూపు తీసుకుని, మిగతాది చెప్పడం మొదలుపెట్టింది. అదే గొంతు. అది నాకోసం కాదు.

నా పక్క కుర్చీలో కాలేజీ పిల్ల చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"ఎంత మంచాయనో కదండీ," అంది. "మీరు ఈ ఊళ్లవైపేనా? ఆయన మీకు తెలుసా?"

"తెలుసమ్మా," అన్నాను. "చూసి చాలా ఏళ్లయింది."