కుర్చీలాటలో నాగసత్య

నేను ఒక ఇనుప మడత కుర్చీని. కూర్చునే ముందు మీరు నన్ను ఓసారి అటూ ఇటూ ఊపి చూస్తారు కదా, నేనూ మిమ్మల్ని అలాగే చూస్తాను. రాజమండ్రి వర్క్‌షాపులో నా ఒంటిమీది రంగు ఆరకముందే టెంట్‌హౌస్ యజమాని నా వీపు మీద తన పేరు రాయించాడు, ఎవరైనా ఎత్తుకుపోతారని. అలా పుట్టినదాన్ని, మనుషుల్ని నమ్మమంటే ఎలా నమ్ముతాను? పెళ్లిళ్లలో నా మీద రుమాలు వేసి, గంటసేపు మాయమైపోయేవాళ్లను చూశాను. సంతాప సభల్లో ముందు వరుస కోసం తోసుకునేవాళ్లనూ చూశాను.

ఆ రోజు మమ్మల్ని కాలవ గట్టు పక్కనున్న ప్రాథమిక పాఠశాలకు తోలారు. వార్షికోత్సవం. షామియానా కింద రంగు కాగితాల తోరణాలు, బుగ్గలకు రోజ్ పౌడరు, నోట్లో చెంచా పెట్టుకుని నిమ్మకాయతో నడిచే పిల్లలు. మీరైతే మురిసిపోతారు. నేను మాత్రం నిమ్మకాయను ఎవరు వేలితో ఆపుతున్నారా అని చూస్తున్నాను.

మూడో తరగతికి కుర్చీలాట పెట్టారు. సూర్యారావు మాస్టారు అటు తిరిగి నిలబడి ఫోన్లో పాట ఆపాలి. ఆ ఫోను అద్దంలా మెరుస్తోంది. కావలసినవాళ్లను చూసుకునే ఆపుతాడని నా అనుమానం.

ఇంతలో నాగసత్య అనే పిల్ల వచ్చి వరుసలో నిలబడింది.

"దానికి వినపడదు కదండీ మాస్టారూ! ఆటలో అరటిపండుగా ఉంచేద్దామండి," అంది వరుసలో ముందున్న లాస్య.

అరటిపండు అంటే తెలుసు కదా. అందరితో పాటు తిరగొచ్చు, అంతే. ఔటూ కాదు, గెలుపూ లేదు. మాస్టారు సరేనన్నారు. పెదవుల కదలిక చూసి సంగతి పట్టేసిన నాగసత్య మొహం చిన్నబోయింది. తననీ లెక్కలో వేసుకోమని గుండెల మీద చేత్తో తట్టుకుంటూ చూపించింది. ఎవరూ పట్టించుకోలేదు.

పాట మొదలైంది. స్పీకరు పక్కనే ఉండడంతో నా ఇనుమంతా అదురుతోంది. ఆ పిల్ల తిరుగుతూ మా వీపుల మీద వేళ్లు ఆనిస్తోంది. కుర్చీ లాగేసుకునే ఎత్తు ఇది, అనుకున్నాను. పాట ఆగిన ప్రతిసారీ అందరికన్నా ముందే కూర్చుంటోంది కూడా! చివరికి నేనూ, పక్కన ఇంకో కుర్చీ మిగిలాం. మా చుట్టూ లాస్య, వీరబాబు, ఈ అరటిపండు.

"కుర్చీ ముట్టుకుంటోందండి! దొంగాటండి!" అని అరిచాడు వీరబాబు.

మాస్టారు ఇటు తిరిగారు. నాగసత్య వేళ్లవైపు చూసి, తన అరచెయ్యి కూడా నా మీద ఆనించారు. పాట పెట్టారు, ఆపారు. నా అదురు ఆగగానే ఆయనకు అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది. సిగ్గేసింది.

"దొంగాట కాదురా, దాని వినికిడి అదే. ఇకనుంచి ఇది అరటిపండు కాదు. మీరూ ముట్టుకునే తిరగండి," అన్నారు మాస్టారు.

ముగ్గురూ తిరిగారు. పాట ఆగింది. లాస్య పక్క కుర్చీలో కూర్చుంది. నాగసత్య కూర్చోబోయేలోపే వీరబాబు నడుంతో తోసి నా మీద కూలబడ్డాడు.

మాస్టారు ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత నాగసత్య వైపు వేలెత్తి, "నాగసత్యా, ఔట్!" అన్నారు.

ఆ పిల్ల ఆ వేలివైపు చూసింది. ఒక్కసారిగా నవ్వేసింది. తనూ ఒక వేలు పైకెత్తి, జనంలో ఉన్న వాళ్లమ్మకు చూపించుకుంటూ, ఔటైన పిల్లల వరుసలోకి పరుగెత్తి మధ్యలో ఇరుక్కుని కూర్చుంది.