ఎవరూ చేయకూడని నంబరు

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఇల్లాలి నంబరుకి ఎవరూ ఫోన్ చేయకూడదు. మరిది ఏమైనా చెప్పాలంటే వాళ్లన్న ఫోన్‌కి చేయాలి. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు స్వయంగా రావాలి. ఆ నంబరు ఆసుపత్రి కోసం. భర్తకి సరిపడే కిడ్నీ దొరికితే దానికే పిలుపొస్తుంది. అరగంటలో జవాబు లేకపోతే వరసలో తర్వాతి పేరుకి వెళ్లిపోతామని ముందే చెప్పారు. దరఖాస్తులో రెండు నంబర్లకి చోటుంటే, రెండో గడిని ఆమె స్కేలు పెట్టి మరీ కొట్టేసింది, రెండుంటే అయోమయమని.

రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తూ, మిగతా రోజులు ఇంట్లోనే గడియారాలు బాగుచేస్తూ నెట్టుకొస్తున్నాడాయన. మొన్ననే పేరు జాబితాలో పైకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమె పాత ఫోన్ బ్యాటరీ పొంగి, వెనక మూత ఊడింది.

ఆదివారం మరిది కొత్త ఫోన్ తెచ్చాడు. ఏ కంపెనీకీ కట్టుబడనిది, ఎవరి సిమ్ వేసినా పనిచేస్తుందన్నాడు. పనిలో పనిగా పన్నెండేళ్ల నాటి ప్లాను కూడా మార్చేద్దామంటే ఆమె ససేమిరా అంది. మార్చేటప్పుడు ఒక పూట నంబరు పలకదట. ఆ పూటే పిలుపొస్తే?

"నువ్వు ఆ ప్లానుకి కూడా లైనింగు వేసి దాచుకునేలా ఉన్నావు వదినా," అని నవ్వాడు మరిది.

పాత సిమ్ పెద్దదైతే, కొలత గీసుకుని బ్లేడుతో ఆమే చిన్నది చేసింది. మిగిలిన చట్రాన్ని పారేయబుద్ధికాక గుండీల డబ్బాలో వేసింది. కొత్త ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయి. వీడియోలు ఆడాయి. నాలుగు రోజులు అది ఒక్కసారీ మోగలేదు. ఆ నంబరు మోగకపోవడం వాళ్లకి అలవాటే కాబట్టి ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

గురువారం పొద్దున తొమ్మిదీ నలభైకి రిటైరైన టీచరమ్మ తలుపు కొట్టింది. వీధంతా ఆవిణ్ణి రేడియో అంటారు. మొదలుపెడితే ఆపడానికి మీట ఉండదు. ఫోన్ చేయొద్దని ఎంత చెప్పినా చెవిన పెట్టనిది ఆవిడొక్కతే.

"ఏమ్మా, నా జాకెట్టు కుట్టలేదని ఫోన్ ఆపేసుకున్నావా? సోమవారం నుంచి చేస్తున్నా. ఎప్పుడు చేసినా అందుబాటులో లేరంటుంది. ఇప్పుడు మెట్ల దగ్గర్నుంచి చేసినా అదే పాట."

ఇల్లాలు టేపు పక్కన పడేసి చూసింది. ఫోన్ బల్ల మీదే ఉంది, గీతలన్నీ నిండుగా.

"ఇంకోసారి చేయండి," అంది.

టీచరమ్మ చేసింది. బల్ల మీద ఫోన్ ఉలకలేదు, పలకలేదు.

గడియారం మూత విప్పుతున్న భర్త తలెత్తాడు. తమ్ముడికి ఫోన్ కలిపి సంగతి చెప్పాడు. ఆ పాత ప్లానులో కాల్స్ పాతకాలపు సిగ్నల్ మీదే వస్తాయేమో, కొత్త ఫోన్ దాన్ని పట్టుకోవడం లేదేమో, సిమ్ మళ్లీ పాతదాంట్లో వేయండి, నేను కారు తెస్తున్నా అన్నాడు మరిది.

భర్త తన ఫోన్‌లో ఆసుపత్రి రిసెప్షన్ నంబరు కలిపి టీచరమ్మ చేతిలో పెట్టాడు. అవతల సంగీతం, లైన్లో ఉండండి అనే రికార్డు. జీవితంలో మొదటిసారి రేడియో నోరుమూసుకుని వింటూ నిలబడింది.

ఇల్లాలు గుండీల డబ్బా బోర్లించి చట్రం వెతికింది. కొత్త ఫోన్‌లోంచి సిమ్ తీసి భర్త ముందు పెట్టింది. భర్త కంటికి భూతద్దం పెట్టుకుని, పట్టకారుతో దాన్ని చట్రంలో కూర్చోబెట్టాడు. మూత పట్టని పాత ఫోన్‌కి ఆమె రబ్బరు బ్యాండు వేసి, ఛార్జరు గుచ్చింది.

సిమ్ లేదని వచ్చింది.

మళ్లీ తీశారు. ఆయన వెంట్రుకవాసి జరిపాడు. ఈసారి ఒక గీత వచ్చింది, తర్వాత రెండు. వెంటనే మిస్డ్ కాల్ సందేశాలు వరసకట్టాయి. టీచరమ్మ చేసినవి పదకొండు. కింద ఆసుపత్రి నుంచి రెండు, రెండూ ఈరోజువే: తొమ్మిదీ ముప్పైఒకటి, తొమ్మిదీ నలభైనాలుగు. గోడ గడియారం ఆయన బాగుచేసిందే, అబద్ధం చెప్పదు. తొమ్మిదీ యాభైఎనిమిది.

ఆమె ఆసుపత్రి నంబరుకి చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్. మూడోసారి నొక్కబోతుంటే ఫోనే మోగింది.

"ఇదే ఆఖరుసారి చేద్దామనుకున్నానండీ," అంది జాబితా చూసే నర్సు. "తర్వాతి పేరు తీసి పెట్టుకున్నా. వస్తారా?"

"వస్తున్నాం. బయల్దేరుతున్నాం."

"దారిలో మళ్లీ చేయాల్సి ఉంటుంది. ఈ నంబరు దొరుకుతుందా?"

ఛార్జరు తీగ గోడకి బిగుసుకుని ఉంది. పాడైన బ్యాటరీ కాబట్టి, తీగ లాగితే ఫోన్ ఆరిపోతుంది. రెండేళ్లు కళ్లలో వత్తులు వేసుకుని కాచిన నంబరు.

"దొరకదు," అందామె. "రెండో గడి ఉంది కదా, దాంట్లో రాసుకోండి."

భర్తది చెప్పింది. మరిదిది చెప్పింది. తర్వాత టీచరమ్మ వైపు తిరిగింది.

"మీరూ మాతో రండి. మీ నంబరు చెప్పండి."

టీచరమ్మ చెవి దగ్గరి సంగీతం ఆపి, డిక్టేషన్ ఇస్తున్నట్టు ఒక్కొక్క అంకే విడివిడిగా చెప్పింది. ఎవరూ అడక్కపోయినా మొదటినుంచి మరోసారి చెప్పింది.